పికప్ కొంటున్నారా? ముందు దాని కిందికి దూరి చూడండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి ఒహాయోకో, మిషిగన్‌కో, ఒంటారియోకో చేరిన మనవాళ్ళు రెండో ఏడాదికల్లా అడిగే సందేహం ఒకటుంది. "పాత టొయోటా టకోమా పికప్ చవగ్గా వస్తోందండీ, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగేది), బాడీ అద్దంలా ఉంది, తీసుకోమంటారా?" సుంకి ఘాటు మీద బొలెరో పికప్ నిండు లోడుతో ఎక్కడం చూస్తూ పెరిగాం కాబట్టి, బండి బలమంటే మనకి ఇంజనూ, కమాన్ కట్టలూ (లీఫ్ స్ప్రింగులు), టైర్లూ. ఈ చలి దేశాల్లో పికప్‌కి అవన్నీ బాగానే ఉంటాయి. పోయేది ఛాసీ, అంటే బండి మొత్తాన్ని మోసే కింది ఉక్కు చట్రం.

గోపాల్‌పూర్ ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా ఊడిరావడం చూసినవాళ్ళకి సగం విషయం తెలిసినట్టే. అక్కడ గాలిలో వచ్చే ఉప్పుని ఇక్కడ లారీలతో రోడ్డు మీద పోస్తారు. మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దిగువకి వెళ్తే మంచుని పెద్దగా కరిగించలేదు. అందుకని చలి ముదిరినచోట కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు చల్లుతారు. వానాకాలంలో మూత మరిచిన ఉప్పుడబ్బా నీరుకారినట్టు, ఇవి గాలిలోని తేమని లాక్కుంటాయి. బండి పైకి ఆరినట్టు కనిపించినా సందుల్లో తడి ఆరదు. పైగా తుప్పు చలిలో నెమ్మదిస్తుంది, వెచ్చదనానికి పుంజుకుంటుంది. ఉప్పు కడక్కుండా వెచ్చని గరాజులో పెట్టిన బండికి, బయట గడ్డకట్టుకుపోయిన బండికంటే తొందరగా తుప్పు పడుతుంది. పాపం చాలామంది గరాజు ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు.

కొండల్లో, బురదలో తిప్పిన బండికి ఇది రెండింతలు. రాళ్ళు తగిలి ఛాసీ మీది పూత లేస్తుంది. బురద ఛాసీ లోపలికి దూరి, నీళ్ళు కారిపోవడానికి కింద వదిలిన రంధ్రాలను మూసేస్తుంది. చలికాలంలో ఆ మట్టే ఉప్పునీళ్ళు పీల్చి నెలల తరబడి పట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి "ఆఫ్‌రోడ్ బాగా వెళ్ళిన బండి" అని అమ్మేవాడు గొప్పగా చెప్తే, ఏ ఊళ్ళో, ఏ కాలంలో తిప్పాడో అడగండి. పాత బండ్ల చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ నివేదికలో బండి ఏ రాష్ట్రాల్లో రిజిస్టర్ అయిందో ఉంటుంది. పదేళ్ళు ఎండలు కాసే అరిజోనాలో ఉండి ఈమధ్యే వచ్చిన బండి వేరు, పుట్టినప్పట్నుంచీ మంచు కురిసే బఫెలోలో తిరిగిన బండి వేరు.

ఇక చూడటం. వెంట పెట్టుకోవలసినవి చిన్న సుత్తి, టార్చిలైటు, పాత స్క్రూడ్రైవరు, పడుకోవడానికి అట్టముక్క. వీలైతే ఏదైనా షెడ్డులో లిఫ్ట్ ఎక్కించి చూపించుకోండి. వందో రెండొందలో డాలర్లు పోతాయి, పోనివ్వండి. వెనక చక్రానికి ముందు, కమాన్ కట్ట ముందు కొసని ఛాసీకి బిగించే బ్రాకెట్ దగ్గర మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి ఇరుసు మీదుగా ఛాసీ వంపు తిరిగే చోటు, స్టెప్నీ పైన ఉండే అడ్డపట్టీ, పెట్రోలు ట్యాంకు పక్క, క్యాబిన్ కూర్చునే మౌంట్లు. ప్రతిచోటా సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. కుళ్ళినది తడిసిన చెక్కలా దబ్బుమంటుంది, అప్పడాల్లా పెచ్చులు రాలతాయి. వేలికి అంటే ఎర్రపొడి మాత్రమే అయితే భయం లేదు, అది పైపైదే. పెచ్చు ఊడినచోట స్క్రూడ్రైవరు గుచ్చితే లోపలికి దిగిందా, ఆ బండిని వదిలేయండి. బాక్స్ ఛాసీ (లోపల బోలుగా, పెట్టెలా మూసి ఉండేది) లోపలినుంచి బయటికి తినుకుంటూ వస్తుంది, కాబట్టి రంధ్రంలోంచి ఫోను కెమెరా పెట్టి ఒక ఫొటో తీయండి. కొత్తగా నల్ల రబ్బరు పూత కొట్టి ఉంటే పెళ్ళిచూపుల పౌడరనుకోండి. దాని కింద చదరపు ముక్కలేమైనా వెల్డింగ్ చేశారేమో తడిమి చూడండి.

మన దగ్గర సరుకు బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉన్నట్టు ఇక్కడ అన్నిచోట్లా ఉండదు. పెన్సిల్వేనియాలో ఏటా తనిఖీ ఉంది. ఒహాయో, మిషిగన్‌లలో సొంత బండ్లకి అలాంటి ఏటేటా భద్రతా తనిఖీ లేదు. ఛాసీ కుళ్ళిన బండి కూడా నంబరుప్లేటుతో దర్జాగా తిరుగుతూంటుంది.

టకోమా సంగతి విడిగా చెప్పుకోవాలి. టొయోటావాళ్ళ హైలక్స్ పికప్ ఇక్కడ ఎందుకు దొరకదని గల్ఫ్ చూసొచ్చినవాళ్ళు అడుగుతారు. అమెరికాలో 1995లో దాని బదులు టకోమాని తెచ్చారు. ఇంజన్ మొండిది, ఛాసీయే తలనొప్పి అయింది. 1995 నుంచి 2000 దాకా వచ్చిన మోడళ్ళకి టొయోటా 2008లో ఛాసీ తుప్పు వారంటీని 15 ఏళ్ళకి పెంచింది. తర్వాత 2005-2010 టకోమా, 2007-2008 టండ్రా, 2005-2008 సెకోయాల మీద కోర్టు కేసు నడిచి, 2016లో 340 కోట్ల డాలర్ల దాకా విలువ కట్టిన రాజీ కుదిరింది. తనిఖీలో ఛాసీకి 10 మిల్లీమీటర్లో అంతకు మించో కన్నం పడిందని తేలితే ఛాసీ మొత్తం మార్చి ఇచ్చారు. ఆ గడువులు ఇప్పుడు దాటిపోయాయి. అయినా ఈ మోడళ్ళలో ఛాసీ మార్చినట్టు కాగితం చూపించే బండి దొరికితే, పదివేల మైళ్ళు ఎక్కువ తిరిగినా అదే మేలు. ఇంకో తమాషా, 2005 నుంచి టకోమా వెనక తొట్టి లోపలివైపు కాంపోజిట్‌ది, తుప్పు పట్టదు. తొట్టి మిలమిలలాడుతూంటుంది, కింద ఛాసీ రాలిపోతూంటుంది.

ఫోర్డ్ ఎఫ్-150కి 2015 మోడల్ నుంచి బాడీ అల్యూమినియం. చాలామంది ఇక తుప్పే లేదనుకుంటారు. ఛాసీ, బ్రేకు పైపులు, వెనక ఇరుసు మామూలు ఉక్కువే.

బ్రేకు పైపుల్ని ఏ కంపెనీ బండిలోనైనా వదలొద్దు. చేత్తో తడిమితే గరుగ్గా, ఉబ్బుగా తగిలిందంటే రేపో మాపో పగులుతుంది. మార్చేటప్పుడు ఉక్కు పైపు కాకుండా రాగి-నికెల్ మిశ్రమం పైపు వేయమనండి. అది తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది. కొసలకి డబుల్ ఫ్లేర్ కొట్టించాలి, అంటే పైపు అంచుని రెండు మడతలుగా విప్పార్చాలి. నీళ్ళ పైపుల్లా కంప్రెషన్ జాయింటు పెడతానన్న మెకానిక్ దగ్గర్నుంచి బండి తెచ్చేసుకోండి.

కొన్నాక ఏటా ఒక పని. సెప్టెంబరు, అక్టోబరుల్లో, మొదటి మంచు పడకముందు, కింద అంతా కడిగించండి. ఛాసీ రంధ్రాల్లోంచి నీళ్ళు పట్టి, కింద కారేవి తేటగా వచ్చేదాకా ఆపొద్దు. రెండ్రోజులు బాగా ఆరనిచ్చి, గొర్రె ఉన్ని జిడ్డుతో చేసే ఫ్లూయిడ్ ఫిల్మ్ లాంటిదో, కెనడాలో దొరికే క్రౌన్ లాంటి నూనెదో కొట్టించండి. సొంతంగా కొట్టుకుంటే పెద్ద పికప్‌కి గాలన్, అంటే సుమారు 4 లీటర్లు పడుతుంది. పొడుగు గొట్టం నాజిల్ ఉంటేనే ఛాసీ లోపలికి చేరుతుంది. బ్రేకు డిస్కులు, ప్యాడ్లు, సైలెన్సరు, రబ్బరు బుష్‌ల మీద పడనివ్వొద్దు. రెండు రోజులు చుక్కలు కారుతుంది, కింద అట్టలు పరవండి, లేకపోతే అపార్టుమెంటువాళ్ళ నోటీసు వస్తుంది. గట్టిపడే రబ్బరు పూత పాత తుప్పు మీద మాత్రం వద్దు. అది ఎక్కడో పగిలి, లోపలికి దూరిన ఉప్పునీటిని బయటికి పోనివ్వదు.

ఫోర్ బై ఫోర్ విషయానికొస్తే, చాలా పికప్‌లలో ఉండేది పార్ట్‌టైమ్ రకం. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉండదు. పొడి తారురోడ్డు మీద ఫోర్ హైలో (మామూలు వేగానికి నాలుగు చక్రాల గేరు) పెట్టి మలుపు తిప్పితే బండి కుంటుతున్నట్టు ఎగురుతుంది, రెండు ఇరుసులకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుంటుంది. మంచు, కంకర, తడిమట్టి మీదే వాడాలి. "ఫోర్ లో" (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు)కి వెళ్ళాలంటే బండి ఆపి, న్యూట్రల్ చేసి మార్చండి. ఆ గేరు నిష్పత్తి టకోమాకి సుమారు 2.57, జీప్ వాళ్ళ గ్లాడియేటర్ రూబికాన్ పికప్‌కి 4. రాళ్ళ మీద పాకించడానికి ఆ తేడా బాగా తెలుస్తుంది. కానీ గ్లాడియేటర్ చక్రాల మధ్య దూరం 137 అంగుళాలు, ముక్కు ఎక్కిన గట్టు పొట్టకి తగులుతుంది.

ఎక్కువమంది మరిచేది ఇదీ: నెలకోసారైనా 16 కిలోమీటర్లు ఫోర్ హైలో నడపమని టొయోటా మాన్యువలే చెప్తుంది. అదీ పైన చెప్పినట్టు పొడి తారురోడ్డు మీద కాదు. నడపకపోతే ముందు ఇరుసుని కలిపే మోటారు ఉప్పుకి బిగుసుకుపోయి, తీరా మంచులో స్విచ్చు తిప్పినప్పుడు లైటు మినుకుతూ ఉండిపోతుంది. ఇక ఫోర్ వీల్ బయల్దేరడానికే పనికొస్తుంది, ఆగడానికి కాదు. ఆగేది టైర్లతో. కొండ, మంచురేకు గుర్తున్న టైర్లు చూసుకోండి. క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి.

గల్ఫ్‌లో కంపెనీ హైలక్స్ నడిపే మన గంజాం, శ్రీకాకుళం అన్నదమ్ములకి ఇసుకే మంచు. టైరు గాలి 35 నుంచి 18 పీఎస్‌ఐకి దించండి, 15 కంటే కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. రోడ్డెక్కగానే మళ్ళీ పట్టించాలి. సబ్ఖా, అంటే పైకి గట్టిగా కనబడి లోపల ఉప్పుబురదున్న చవటి నేల, దాంట్లో దిగబడి బయటపడితే ఆ రోజే కింద కడగండి, మర్నాటికి వాయిదా వేయొద్దు. నీళ్ళలో దిగి వచ్చిన బండికి క్రౌన్ హౌసింగ్ (ఇరుసు మధ్య గేర్లుండే గుండ్రటి పెట్టె) బోల్టు విప్పి ఆయిల్ చూడండి. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్ళు దూరినట్టే, మొత్తం దించేసి మాన్యువల్లో రాసిన గ్రేడుది, మామూలుగా 75డబ్ల్యూ-90, పోయించండి.

స్టెప్నీని ఏడాదికి రెండుసార్లు కిందికి దించి, వేలాడదీసే తీగకి గ్రీజు పట్టించి మళ్ళీ ఎక్కించండి. తుప్పు పట్టి బిగుసుకున్న తీగైతే పంక్చరైన రోజున కోసి తీయాల్సిందే.