మైత్రికి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రం మైత్రిలో శీతాకాలమంతా ఉండే బృందంలో వాతావరణ పరిశీలనకు నిన్ను ఎంపిక చేశారని అక్కయ్య ఫోనులో చెప్పింది. ఆవిడ గొంతులో సంతోషం కన్నా బెంగే ఎక్కువగా వినిపించింది. "ఆ చలికి పిల్ల తట్టుకుంటుందా?" అని ఒకటే ప్రశ్న. చలికి తగిన బట్టలు వాళ్లే ఇస్తారు, ముందుగా ఉత్తరాఖండ్‌లోని ఔలిలో మంచు మీద శిక్షణా ఉంటుంది. భయపడాల్సింది గాలికి.

మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ రాతి నేల. దానికి దక్షిణాన అంతా మంచు పీఠభూమి. అక్కడ చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట జారి నేరుగా మన మీదికే వస్తుంది. మంచు తుపాను ముదిరితే చాచిన చెయ్యి కనిపించదు. అప్పుడు బయటికి వెళ్లక తప్పకపోతే కట్టి ఉంచిన తాడు పట్టుకునే నడు. పది అడుగులే కదా అని వదలకు. మామూలు రోజుల్లోనూ ఎక్కడికి వెళ్తున్నావో రాసిపెట్టి, తోడు ఉంటేనే కదులు. వాకీటాకీ మరవకు. వస్తానన్న వేళకు వచ్చెయ్యి, పని మిగిలితే మిగలనీ. నిన్ను వెతకడానికి వచ్చేవాళ్లు కూడా ఆ గాలిలోకే రావాలి.

పరికరం దగ్గర చిన్న మర తిప్పాలన్నా మందపాటి గ్లౌజు అడ్డు వస్తుంది. దాన్ని తీసినా, లోపలి పలచటి గ్లౌజు మాత్రం తీయకు. ఒట్టి వేలు లోహానికి తగిలితే చర్మం అతుక్కుపోతుంది. పెద్ద గ్లౌజులకు తాడు కట్టి మెడలో వేసుకో, లేకపోతే గాలి ఎత్తుకుపోతుంది. పెన్నులో సిరా గడ్డకడుతుంది కాబట్టి పెన్సిలుతో రాయి. బ్యాటరీలు ఒంటికి ఆనుకున్న జేబులో ఉండాలి. పారతో మంచు ఎత్తే ముందే పైపొర ఒకటి విప్పు. చెమట పట్టిందంటే, పని ఆగాక ఆ తడే నిన్ను వణికిస్తుంది. రాత్రి పడుకునే ముందు గ్లౌజులూ మేజోళ్లూ ఆరేశావో లేదో చూసుకో.

ఇక లోపలి సంగతి. పాతిక మందికి అటూ ఇటుగా ఉంటారు, నెలల తరబడి అవే ముఖాలు. వంటవాళ్లు ఉన్నా కూరలు తరగడం, గిన్నెలు కడగడం, నేల తుడవడం అందరికీ వంతులవారీగా వస్తాయి. నీ వంతు నాడు లెక్కలున్నాయని తప్పించుకోకు. అన్నం బల్ల దగ్గర మొదలైన చిన్న విసుగు ఆగస్టు నాటికి మాటలు మానేసేదాకా వెళ్తుంది. నీళ్లు ప్రియదర్శిని సరస్సు నుంచి పంపు చేసుకోవాలి. గొట్టం గడ్డకట్టిందని అర్ధరాత్రి పిలుపొస్తే, అది నీ శాఖ పని కాదని పడుకోకు.

మే మూడో వారం తర్వాత దాదాపు రెండు నెలలు సూర్యుడు కనిపించడు. నిద్ర చెదిరిపోతుంది. ఎంత బద్ధకంగా ఉన్నా ఒకే వేళకు లేచి టిఫిన్‌కు రా. గదిలోనే తినడం మొదలుపెట్టిన వాళ్లను తక్కినవాళ్లు కనిపెట్టుకుని ఉండాల్సి వస్తుంది. జూన్ 21న అంటార్కిటికాలోని కేంద్రాలన్నీ నడిశీతాకాలం శుభాకాంక్షలు పంపుకుంటాయి. ఆ రోజు వంటింట్లో నువ్వు కూడా ఓ చెయ్యి వెయ్యి, పులిహోరకు అక్కడ మంచి గిరాకీ.

పెంగ్విన్ల ఫొటోలు పంపమని నీ తమ్ముడు అడుగుతున్నాడట. సముద్రపు అంచు మైత్రికి దాదాపు 100 కిలోమీటర్లని వాడికి చెప్పు. వేసవిలో స్కువా పక్షులైతే వస్తాయి, చేతిలో తిండి ఉంటే తన్నుకుపోతాయి. వాటికి ఏమీ పెట్టకు. అంటార్కిటికా పర్యావరణ రక్షణ కోసం దేశాలు చేసుకున్న 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం అక్కడి ప్రాణులను కదిలించకూడదు, బయటి విత్తనం ఒక్కటి కూడా తీసుకెళ్లకూడదు. బూట్ల అడుగునా, జాకెట్టు పట్టీల్లోనూ ఇరుక్కున్న పల్లేరుకాయలూ గడ్డిగింజలూ సామాను సర్దేముందే పట్టకారుతో ఏరెయ్యి.

శీతాకాలంలో విమానాలు రావు. డాక్టరు ఉంటారు కానీ పంటి నొప్పికి ఆయన చేయగలిగింది తక్కువ. ఆ జ్ఞానదంతం సంగతి ఈ వారంలోనే తేల్చుకుని నాకు ఫోను చెయ్యి.

మీ మామయ్య