కుర్చీలో కూర్చోబెట్టి చూడమంటే అది బతుకమ్మ ఎట్లా అవుతుంది?

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. సొంతూరు హనుమకొండ దగ్గర పల్లె. నాన్న పోయాక హైదరాబాద్ శివార్లలో పెద్దవాళ్ల కోసం కట్టిన కమ్యూనిటీలో ఉంటోంది. తిండికీ మందులకీ లోటు లేదు. బతుకమ్మ రోజులు వస్తే మాత్రం డల్ అయిపోతుంది. పోయినేడు ఈవెంట్ వాళ్లు రెడీమేడ్ బతుకమ్మలు తెచ్చి, డీజే పెట్టి, కాలేజీ పిల్లలతో ఆడించారట. "మాకేం పని, చప్పట్లు కొట్టి సమోసా తిని అచ్చినం" అంది. ఈసారి మేనేజర్‌ని ఏం అడగమంటారు?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ అమ్మగారే చెప్పేశారు కదండీ, పని లేదని. బతుకమ్మలో ఆట సాయంత్రం ఓ గంట, మిగతాదంతా పనే. గునుగు కట్టలు కట్టి కాడలు సమంగా కత్తిరించాలి, కొన్నిటిని రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాలి, తాంబాలంలో ఆకులు పరిచి తంగేడు, గునుగు, బంతి, చామంతి ఒక్కో వరసా చుట్టూ పేర్చుకుంటూ పోవాలి, నడుమ బోలుగా ఉంటే కూలిపోతుంది కాబట్టి తరిగిన ఆకూ కాడా కూరాలి, చివరికి పసుపు గౌరమ్మ. ఇవన్నీ కూర్చుని చేసేవే, పైగా కాలేజీ పిల్లలకు రానివి.

అందుకని మేనేజర్‌ని అడగాల్సింది డబ్బు ఖర్చయ్యేదేం కాదు. పూలు పొద్దున్నే విడిగా తెప్పించి డైనింగ్ హాల్ బల్లల మీద పోయమనండి, నేల మీద వద్దు, మోకాళ్లు ఒప్పుకోవు. ఆ తర్వాత ఎవరి ఊళ్లో ఎట్లా పేరుస్తారన్న దాని మీద కాసేపు గొడవ అవుతుంది, కానివ్వండి, సగం పండగ అదే. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల నుంచి దుర్గాష్టమి సద్దుల దాకా తొమ్మిది రోజులూ చేయలేకపోతే మూడు రోజులు చాలు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆరోజు ఎలాగూ పేర్చరు. ముద్దపప్పు, నానబియ్యం లాంటి నైవేద్యాలు పళ్లు లేనివాళ్లకు కూడా ఇబ్బంది పెట్టవు, సమోసా కంటే నయం.

డీజే సంగతి, నా మట్టుకు నాకైతే తీసేయమనే అనిపిస్తుంది. ఒకరు పాట చెప్తే మిగతావాళ్లు అందుకోవడం బతుకమ్మ పద్ధతి, స్పీకర్ మోగుతుంటే అది కుదరదు. మైకు కావాలంటే పాట చెప్పే పెద్దావిడ చేతికివ్వండి. కుర్చీలు వరసగా కాకుండా గుండ్రంగా, బతుకమ్మ మధ్యలో. నడవగలిగినవాళ్లు చుట్టూ తిరుగుతారు, లేనివాళ్లు కూర్చునే చప్పట్లు కలుపుతారు. నీళ్ల దగ్గరికి మోసుకెళ్లేది మాత్రం కుర్రవాళ్లే. ఆ తడి మెట్ల మీద పెద్దవాళ్లను దించకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 82. రాజమండ్రి దగ్గర ఇలాంటి చోటే ఉంటున్నారు. మతిమరుపు జబ్బు మొదలైంది. దసరా వస్తే చాలు, మాస్టారి వెంట ఇంటింటికీ తిరిగి పద్యాలు పాడిన సంగతి పదేపదే చెప్తారు. ఒక్కోసారి ఊరి పేరు మారుతుంది, మాస్టారి పేరూ మారుతుంది. సరిదిద్దాలా, వినాలా?
ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వినండి. ఊరు మారితే ఎవరికి నష్టం? పెద్దవాళ్లు పాత సంగతులు తవ్వుకోవడం ఛాదస్తం కాదు, ఆ వయసులో సహజమైన పనేనని అమెరికన్ సైకియాట్రిస్ట్ రాబర్ట్ బట్లర్ 1963లోనే రాశాడు. పైగా పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే పెద్దతనంలో ఎక్కువగా గుర్తొస్తాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్లు చెప్తారు. నిన్న ఏం తిన్నారో చెప్పలేని మనిషి మాస్టారికి ఇంటింటా ఇచ్చే దసరా మామూలు గురించి చెప్తున్నారంటే అందులో వింతేం లేదు.

ఒక్కటి మానేయండి, "గుర్తుందా నాన్నా?" అనడం. అది పరీక్ష పెట్టినట్టుంటుంది, జవాబు రాకపోతే ఆయనకు అవమానం. దానికి బదులు, పద్యాలు పాడేటప్పుడు చేతిలో పట్టుకునే విల్లు ఎవరు చేసిచ్చేవారు, దానికి అంటించిన రంగుకాగితాలు ఎక్కడ కొనేవారు, బుక్కాగుండా పొడి ఎవరి మీద చల్లేవారు, పప్పుబెల్లాలు జేబులో పోసుకునేవారా, అలా అడగండి. అక్కడ బొమ్మల కొలువు పెడుతుంటే ఆయన్ని ప్రేక్షకుడిగా కాకుండా సర్దేవాళ్లలో చేర్చమనండి. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు కాబట్టి తేలిగ్గా ఉంటాయి, ఏటికొప్పాక లక్కబొమ్మలు చేతికి నున్నగా తగులుతాయి. ఒకటి చేతిలో పెడితే కథ దానంతటదే మొదలవుతుంది.

ప్రశ్న: మేం ఇక్కడ పెద్దవాళ్ల కమ్యూనిటీలో ఉండే ఆడవాళ్లం, అందరం 70 దాటినవాళ్లమే. అట్లతద్దికి ఉయ్యాల కట్టమంటే ఆఫీసువాళ్లు పడిపోతారని భయపడుతున్నారు.
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వాళ్ల భయం సగం నిజమే తల్లీ. చెట్టుకు తాడు కట్టి పీట వేసే ఉయ్యాల ఇప్పుడు వద్దు. వీపుకూ చేతులకూ ఆసరా ఉన్న బల్ల ఉయ్యాల అడగండి, పక్కన ఒకరు పట్టుకుని ఉంటే చాలు. గోరింటాకు చెట్టుదే రుబ్బించుకోండి, నల్లగా పండే కోన్లలో కలిపే రసాయనం కొందరి చర్మానికి పడదు. తెల్లారకముందు గోంగూర పచ్చడి, పెరుగన్నం తినడం మాత్రం వదలొద్దు. ఆ వేళప్పుడు వంటగది తెరవరంటే రాత్రే డబ్బాల్లో పెట్టించి ఫ్రిజ్‌లో ఉంచమనండి.

ప్రశ్న: షుగరుంది. కార్తీక సోమవారం ఉపవాసం, తెల్లవారుజామున చన్నీటి స్నానం చేయొచ్చా? పిల్లలు ఫోన్‌లో గొడవ చేస్తున్నారు.
ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడుతుంటే డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం వద్దు. మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది, అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపడం కూడా తప్పే. ఆయన సరేనంటే పగలు పాలు, పండు తీసుకుని రాత్రికి భోజనం చేయండి, కళ్లు తిరిగితే మాత్రం వ్రతం సంగతి పక్కన పెట్టి వెంటనే కాస్త పంచదార నోట్లో వేసుకోండి. స్నానం గోరువెచ్చటి నీళ్లతో. 365 వత్తులు వెలిగించేటప్పుడు నూలుచీర కట్టుకోండి, కొంగు నడుముకు దోపుకోండి. పిల్లలతో వాదన దేనికి, ఆదివారం వనభోజనాలకు వాళ్లనే రమ్మనండి, ఉసిరి చెట్టు కింద పులిహోర వడ్డించే పని అప్పజెప్పండి.