పాపాయి గదికి రంగులు వేయిస్తున్నాం... వాసనకి బిడ్డకేమైనా అవుతుందా?

ప్రశ్న: నాకు ఎనిమిదో నెల. డెలివరీకి పుట్టింటికి వెళ్లట్లేదు, అమ్మే ఇక్కడికి వస్తోంది. మాది పాతికేళ్ల నాటి ఇల్లు. బిడ్డ కోసం రెండో బెడ్‌రూమ్ రెడీ చేయిస్తున్నాం. రెండ్రోజులు పాత రంగు గీకారు, నేనూ దగ్గరుండి సర్దాను. తలనొప్పి వచ్చింది, టెన్షన్‌గా ఉంది. ఆన్‌లైన్‌లో చుట్టూ మెత్తలున్న తొట్టి కూడా ఆర్డర్ చేశాం. ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందు ఆ కంగారు తగ్గించుకోండి. వాసనకి వచ్చిన తలనొప్పి గాలి తగిలితే పోతుంది, రెండ్రోజుల వాసనతో బిడ్డకు హాని జరిగే అవకాశం చాలా తక్కువ. నన్ను ఆలోచింపజేసింది వాసన కాదు, దుమ్ము. మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్‌లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంటే మీ ఇంటి తలుపులకు, కిటికీ ఊచలకు ఉన్న పాత ఎనామెల్ పొరల్లో సీసం ఉండొచ్చు. దాన్ని ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే ఆ పొడి ఊపిరితో లోపలికి వెళ్తుంది, తల్లి రక్తంలోంచి బిడ్డకు చేరుతుంది, ఎదిగే మెదడుకు అది మంచిది కాదు. అందుకని ఈ వారమే మీ గైనకాలజిస్టుకు ఈ విషయం చెప్పండి, అవసరం అనుకుంటే రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష రాస్తారు. మిగిలిన పని మీరు లేనప్పుడు, తడిపి గీకమనండి. తర్వాత చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో రెండుమూడు సార్లు తుడిపించండి, కానీ ఆ తుడిచేది మీరు కాకూడదు. వాసన పూర్తిగా పోయేదాకా కిటికీలు తీసే ఉంచండి.

ఇక అసలు మాట. కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ ఆ గదిలో పడుకోకూడదు, మీ గదిలోనే, మీ మంచం పక్కనే, విడిగా తన పరుపు మీద పడుకోవాలి. రాత్రి పాలివ్వడం తేలిక, నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదమూ తగ్గుతుంది. తొట్టి చుట్టూ ఉన్న మెత్తలు మాత్రం దయచేసి విప్పేయండి. తల తగులుతుందని అవి పెడతారు గానీ, ముక్కు వాటికి ఆనుకుపోతే నెలల పిల్లలు తల తిప్పుకోలేరు. అమెరికాలో 2022లో వాటి అమ్మకాన్నే నిషేధించారు. ఊచల మధ్య సందు టేపు పెట్టి కొలవండి, ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. పరుపు గట్టిగా ఉండాలి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు, బొంత, బొమ్మలు ఏవీ వద్దు. తల గుండ్రంగా రావాలని పెద్దవాళ్లు పెట్టే ఆవాల దిండు కూడా వద్దు, మీ అమ్మగారికి ఇది నా మాటగా చెప్పండి. చీర ఉయ్యాల వేయొచ్చు, ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూస్తున్నంతసేపే.

దోమలకు కాయిల్ వద్దు, దోమతెర చాలు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ కూడా పెట్టనివ్వకండి.

గోడ మీద బొమ్మలు మీ ముచ్చట కోసం వేయించుకోండి, పుట్టిన బిడ్డకు ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరం వరకే స్పష్టంగా కనిపిస్తుంది, అంటే పాలిచ్చేటప్పుడు మీ ముఖం. తొట్టి మీద వేలాడదీసే బొమ్మ పెడితే తాళ్లు చేతికందకుండా చూసి, ఐదో నెల వచ్చేసరికి తీసేయండి.