అమెరికా స్కూళ్ళలో చిన్నపిల్లలకు బానిసత్వం గురించి చెప్పడం అవసరమా?

ప్రశ్న కింద అడిగినవారు ఇంకో రెండు ముక్కలు రాశారు. వాళ్ళ పాపకి తొమ్మిదేళ్ళట, నాలుగో తరగతట. స్కూల్లో బానిసల పాఠం విని వచ్చి ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదట. "ఇంత చిన్న వయసులో ఇవన్నీ ఎందుకు?" అని అడుగుతున్నారు.

నేను వర్జీనియాలో, రిచ్‌మండ్‌కి దగ్గర్లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో ఆరేళ్ళుగా అసిస్టెంట్‌గా చేస్తున్నాను. టీచర్‌ని కాదు, ముందే చెప్తున్నా. జిరాక్సులు తీసేది, పెన్సిళ్ళు చెక్కేది, కడుపునొప్పి అన్నవాళ్ళని నర్స్ దగ్గరికి తీసుకెళ్ళేది నేను. కానీ టీచర్ బోర్డు వైపు తిరిగినప్పుడు పిల్లల మొహాలు చూసేది కూడా నేనే. ఆ ఒక్క అర్హతతో చెప్తున్నాను: అవసరమే. ఇంకా ముందే చెప్పాలంటాను.

ముందు మా ఇంట్లో జరిగింది వినండి. మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా ఏదో పుస్తకం తెచ్చి అడిగితే తెలుగులో చెప్పబోయాను. పత్తి చేలల్లో బానిసలు పొద్దస్తమానం పనిచేసేవాళ్ళు అన్నాను. అది కాసేపు ఆలోచించి, "మరి మానెయ్యొచ్చు కదా అమ్మా?" అంది. పారిపోతే పట్టుకునేవాళ్ళు, కొట్టేవాళ్ళు అని ఏదో చెప్తున్నాను, దాని మొహంలో అయోమయం పోవట్లేదు. చివరికి తేలిందేమిటంటే, మా ఇంట్లో ఆ మాట వినిపించేది ఒకే ఒక్క సందర్భంలో. "ఐప్యాడ్‌కి బానిసవైపోయావే నువ్వు!" పత్తి మీద పిచ్చితో పని మానలేని జనం గురించి చెప్తున్నాననుకుంది పాపం.

నవ్వొచ్చింది కానీ తర్వాత ఒళ్ళు మండింది కూడా. పేపర్ తీస్తే చాలు, మద్యానికి బానిస, పేకాటకు బానిస, సెల్‌ఫోన్‌కు బానిస. తప్పంతా బానిసదే అన్నట్టుంటుంది. ఇక్కడ స్కూళ్ళలో ఇప్పుడు 'స్లేవ్' అనడం కూడా తగ్గించి, బానిసగా చేసిన మనిషి అనే అర్థం వచ్చేలా చెప్తున్నారు. అంటే చేసినవాడొకడున్నాడని. అది అతి అని కొందరంటారు. ఐప్యాడ్ సంగతి తర్వాత నాకైతే అతి అనిపించట్లేదు.

సరే, క్లాసు సంగతికొస్తాను.

వర్జీనియాలో నాలుగో తరగతి సోషల్ అంటే ఎక్కువగా వర్జీనియా చరిత్రే. 1619లో ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లని తెచ్చి దించింది ఈ రాష్ట్రంలోనే, ఇప్పటి హాంప్టన్ దగ్గర పాయింట్ కంఫర్ట్‌లో. తల్లి బానిసైతే పుట్టిన బిడ్డా బానిసే అని 1662లో చట్టం చేసిందీ ఇక్కడే. కాబట్టి దాటెయ్యడానికి వీల్లేదు. అయినా ఒకప్పుడు దాటేశారు. 1957లో రాష్ట్ర ప్రభుత్వమే దగ్గరుండి రాయించిన పాఠ్యపుస్తకాల్లో బానిసలు హాయిగా, సంతోషంగా ఉండేవాళ్ళన్నట్టు రాశారు. నాలుగో తరగతికీ ఒకటి వేశారు. నేను పనిచేసే క్లాసు టీచర్ నల్లజాతి ఆవిడ, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉంది. చిన్నప్పుడు ఆ పుస్తకమే చదువుకుందట. ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చదివి వినిపిస్తే, ఆవిడ ఏమీ అనకుండా పుస్తకం మూసి అన్నం పెట్టిందని చెప్పింది.

బానిసత్వం గురించి చెప్పాల్సిన రోజు టీచర్ పాఠం మొదలుపెట్టకుండా నా చేతికి మాస్కింగ్ టేపు ఇచ్చి నేల మీద ఒక గడి వెయ్యమంది. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. గోడ మీద రెండడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తులో ఒక గీత. ఇది దేనికి సరిపోతుందో చెప్పండి అని పిల్లల్ని అడిగింది. కుక్కకి ఇల్లు అన్నారు. డిష్‌వాషర్ అన్నారు. ఒకడు అమెజాన్‌లో వాళ్ళ నాన్న తెప్పించిన ఏదో సామాను పేరు చెప్పాడు.

"ఈ పెట్టెలో ఒక మనిషి మన రిచ్‌మండ్ నుంచి ఫిలడెల్ఫియాకి పార్సిల్‌లో వెళ్ళాడు" అంది.

హెన్రీ బ్రౌన్ కథ మీరు వినకపోతే చెప్తాను. రిచ్‌మండ్‌లో పొగాకు ఫ్యాక్టరీలో పనిచేసే బానిస. భార్య నాన్సీ వేరే యజమానికి చెందింది. ముగ్గురు పిల్లలు, ఇంకొకరు కడుపులో. వాళ్ళని అమ్మకుండా ఉంచడానికి ఆ యజమానికి తన దగ్గరున్న డబ్బులు కడుతూ వచ్చాడు. అయినా 1848లో వాడు అమ్మేశాడు. నార్త్ కరొలైనాకి నడిపించి తీసుకెళ్తుంటే, నాన్సీ చెయ్యి పట్టుకుని నాలుగు మైళ్ళు వెంట నడిచాడట. తర్వాతి ఏడాది మార్చిలో ఒక తెల్ల వర్తకుడు, ఒక స్వేచ్ఛాజీవి అయిన నల్లజాతి మిత్రుడు సాయం చేస్తే, బానిసత్వం లేని ఫిలడెల్ఫియాకి వెళ్ళడానికి చెక్కపెట్టెలో దూరాడు. వెంట కాసిని నీళ్ళు, నాలుగు బిస్కెట్లు. పెట్టె మీద 'ఈ వైపు పైకి' అని రాసి ఉన్నా ఎవరు చూస్తారు? స్టీమర్‌లో చాలాసేపు తలకిందులుగా ఉన్నాడు, కళ్ళు బయటికి వస్తాయేమో అనిపించిందట. చివరికి ఇద్దరు ప్రయాణికులు కూర్చోవడానికి పెట్టెని తిరగేస్తే బతికాడు. మొత్తం ఇరవయ్యేడు గంటలు. ఫిలడెల్ఫియాలో బానిసత్వ వ్యతిరేక సంఘం వాళ్ళు మూత ఊడదీస్తే లేచి నిలబడి, మర్యాదగా పలకరించి, బైబిల్ కీర్తన అందుకున్నాడు.

ఇంతవరకూ వచ్చేసరికి ఒకడు ఆగలేక లేచి, "నేను పడతానేమో చూస్తా" అంటూ టేపు గడిలోకి దూకబోయాడు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెంచదు. ఆ రోజు పెంచింది. "ఈ క్లాసులో బానిస వేషం ఎవరూ వెయ్యరు. చూడండి, కొలవండి, ఆలోచించండి. కూర్చోవద్దు."

ఆ నియమం ఎందుకో మొదట్లో నాకూ అర్థం కాలేదు. చేసి చూపిస్తేనే పిల్లలకి ఎక్కుతుందని కదా మనం నమ్ముతాం. కానీ ఈ దేశంలో కొన్ని స్కూళ్ళలో పిల్లలతో బానిసల వేలం ఆడించి వార్తల్లోకెక్కారు. నల్లపిల్లల్ని ముందు నిలబెట్టి మిగతావాళ్ళతో వేలంపాట పాడించడం! పెట్టెలో రెండు నిమిషాలు కూర్చుని నవ్వుతూ లేచినవాడు 'ఓ, ఇంతేనా' అనుకుంటాడు. టేపు గడి ఖాళీగా ఉంటేనే నయం.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మొదటి ప్రశ్న మీరు ఊహించిందే, లోపల పాస్ వస్తే ఏం చేశాడని. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆవిడా నవ్వింది, ఆపలేదు. ఆ నవ్వు అయ్యాక వెనక వరసలో ఉండే ఒక పిల్ల, రోజంతా కలిపి పది మాటలు కూడా మాట్లాడదు, చెయ్యెత్తింది. "వాళ్ళ పిల్లల్ని కూడా పంపొచ్చు కదా మిస్? చిన్నవాళ్ళు కదా, చిన్న పెట్టెలు సరిపోతాయి, డబ్బులు కూడా తక్కువే అవుతాయి."

టీచర్ వెంటనే జవాబు చెప్పలేదు. మ్యాపు దగ్గరికెళ్ళి రిచ్‌మండ్ మీద ఒక వేలు, నార్త్ కరొలైనా మీద ఒక వేలు పెట్టింది. పెట్టె చేసేవాళ్ళు కావాలి, బండి ఎక్కించేవాళ్ళు కావాలి, ఎక్కడున్నారో తెలియాలి అంది. మరి వెళ్ళి తెచ్చుకున్నాడా అని ఇంకొకడు. లేదు అంది. తర్వాత కలిశారా? లేదు. అంతే చెప్పింది. మంచి మాట ఏదీ కలపలేదు. 1850లో పారిపోయినవాళ్ళని ఉత్తరాదిలో కూడా పట్టుకునే చట్టం రావడంతో అతను ఇంగ్లండ్‌కి వెళ్ళిపోయాడని, సాయం చేసిన ఆ వర్తకుడు ఇంకొందరిని అలాగే పంపబోయి జైలుకెళ్ళాడని చెప్పి బెల్లు కొట్టేదాకా పిల్లల్ని రాసుకోమంది. చిన్న పెట్టెల పిల్ల తన పేపర్ మీద నాలుగు పెట్టెలు గీసింది. ఒకటి పెద్దది, మూడు చిన్నవి. కడుపులో బిడ్డ తల్లి పెట్టెలోనే వెళ్తుందట. నేను అడిగితే చెప్పింది.

దీన్ని చిన్నపిల్లలు తట్టుకోలేరంటారా? తట్టుకోలేకపోతున్నది మనమే.

అసలు చిరాకు తెప్పించేది ఇంకొకటి. ఇలాంటి నిజం కథలు బోలెడు ఉంటే, చాలా క్లాసుల్లో ఇప్పటికీ బొంతల కథ చెప్తారు. పారిపోయేవాళ్ళకి దారి తెలియడానికి రహస్య గుర్తులు కుట్టిన బొంతలు ఆరేసేవాళ్ళని. ఆ కాలం నాటి ఆధారం ఏదీ లేదని చరిత్రకారులు మొత్తుకుంటూనే ఉన్నారు, నేను మాత్రం ఒక సంవత్సరం ఆ బొంత గడుల వర్క్‌షీట్ ఇరవై నాలుగు జిరాక్సులు తీశాను, రంగులు వేయించడానికి. రంగులు వేస్తే ఎవరికీ భయం వెయ్యదు కదా. అలాగే తను బానిసత్వం నుంచి పారిపోయి, మళ్ళీ వెనక్కెళ్ళి మిగతావాళ్ళని తప్పించిన హారియెట్ టబ్‌మన్ మూడొందల మందిని విడిపించిందని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. నిజానికి పదమూడు సార్లు వెళ్ళి దాదాపు డెబ్భై మందిని తెచ్చింది. దొరికితే ప్రాణం పోయే దారిలో డెబ్భై మంది! అది చాలదా, నాలుగింతలు చేసి చెప్పాలా?

జార్జ్ వాషింగ్టన్ సంగతి సరేసరి. ఆయన చెక్కపళ్ళు పెట్టుకునేవాడన్న కథ ఇక్కడ అందరికీ తెలుసు. అవి చెక్కవి కావు. దంతం, లోహం, మనుషుల పళ్ళు కూడా. 1784లో ఆయన లెక్కల పుస్తకంలో నల్లవాళ్ళ దగ్గర తొమ్మిది పళ్ళు కొన్న పద్దు ఉంది. ఆయన చనిపోయిన 1799లో ఆయన ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌లో బానిసలు 317 మంది. ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్తే మా పిల్లలు గొర్రెల దగ్గర ఫొటోలు దిగారు, సావనీర్ షాపులో గంట గడిపారు. బానిసల సమాధుల వైపు నడిచే టైమ్ లేదన్నారు మాతో వచ్చిన పేరెంట్స్.

ఇక మనవాళ్ళు. మా ఏరియా తెలుగు అమ్మల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పెట్టింది: "అక్కా, అది వాళ్ళ హిస్టరీ కదా, మన పిల్లలకి ఎందుకు ఈ టెన్షన్? ఈ పీరియడ్‌లో ఇంకో మ్యాథ్స్ పెట్టొచ్చుగా." పద్నాలుగు థంబ్స్ అప్‌లు. నేను ఏమీ రాయలేదు, గొడవెందుకని. 2025 జనవరిలో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళ పిల్లలకి ఇక్కడ పుడితే వచ్చే సిటిజన్‌షిప్ ఇవ్వకూడదని ప్రెసిడెంట్ ఆర్డర్ రాగానే అదే ఆవిడ, అదే గ్రూపులో, ఇక్కడ పుట్టినవాళ్ళు పౌరులనే రాజ్యాంగం పద్నాలుగో సవరణ మొత్తం టెక్స్ట్ ఫార్వర్డ్ చేసింది. ఆరు దండాల బొమ్మలతో. నల్లవాళ్ళు ఈ దేశ పౌరులే కారని 1857లో సుప్రీంకోర్టు అంటే, అంతర్యుద్ధం అయ్యాక విముక్తులైన ఆ జనం కోసం 1868లో రాసుకున్న వాక్యం అది. దాని నీడలోనే మన పిల్లల నీలం పాస్‌పోర్టులన్నీ. ఈసారి నేను రాశాను. థంబ్స్ అప్ రెండు వచ్చాయి, ఒకటి మా ఆయనది.

మీ పాప నిద్ర సంగతి. మా అమ్మాయికి కూడా అలాగే ఒక రాత్రి నిద్రపట్టలేదు. మీరు రాసింది చదివితే గుర్తొచ్చింది. భయపడిందనుకుని పక్కన పడుకున్నాను. అది అడిగింది వేరే. "అమ్మా, మన ఊళ్ళో కూడా మనుషుల్ని కొనుక్కునేవాళ్ళా?"

మాది నల్గొండ జిల్లా. మా తాత దగ్గర జీతగాడు ఉండేవాడు. వాళ్ళ నాన్న చేసిన అప్పు కింద వచ్చాడు, అప్పు తీరిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్ద, నేను 'ఒరేయ్' అని పిలిచేదాన్ని. వెట్టి కూలీని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. నేను చెప్తున్నది ఎనభైల చివరి మాట. కొనలేదమ్మా, అది వేరు, ఇది వేరు అన్నాను. వేరే, నిజమే. అమ్మలేదు, పిల్లల్ని విడదీయలేదు. "ఎంత ఇచ్చేవాళ్ళు?" అంది. తెలీదన్నాను. "తాతయ్యని అడుగుదామా?"

మర్నాడు పొద్దున్నే వీడియో కాల్‌లో అడిగేసింది. వాళ్ళ తాతయ్య ముందు నవ్వాడు. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లని ఏదో మొదలుపెట్టాడు. "మరి వాళ్ళ నాన్న అప్పు ఎంత?" అని మళ్ళీ అడిగింది. మా బాపు ఫోన్ కొంచెం దూరంగా పెట్టి, నాతో అన్నాడు:

"ఇయ్యన్ని ఎందుకు బిడ్డా, చిన్నపిల్లకు?"