ఇల్లు పోయాక మిగిలిన బాకీకి నాయన తోట అమ్మొద్దు

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివాను. ఇంగ్లండులో, లెస్టర్‌లో మీ ఇల్లు జప్తయి అమ్ముడుపోయింది. పెద్ద బ్యాంకు తన లోను తాను రాబట్టుకుంది. అదే ఇంటి మీద సెకండ్ ఛార్జి, అంటే రెండో తాకట్టు, పెట్టుకుని లోను ఇచ్చిన కంపెనీ మాత్రం ఇంకా 28 వేల పౌండ్లు కట్టమంటోంది. ఆ మాట విని బంగారుపాళ్యం దగ్గర మీ నాయన మామిడితోట బేరం పెట్టాడు. ముందు ఒక్క మాట చెబుతాను, తర్వాత మిగతావి. తోట అమ్మొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఆ పని మేం చేశాం కాబట్టి.

మాది చంద్రగిరి. 2005లో ఇక్కడ ఇల్లు కొన్నాం. మా బంధువుల్లో ఇంగ్లండులో సొంతిల్లు కొన్నది మేమే మొదలు. ఆ గొప్ప నిలబెట్టుకోవాలని 2007లో అదే ఇంటి మీద ఇంకో సెక్యూర్డ్ లోను తీసుకున్నాం. వంటిల్లు బాగు చేసుకోవడానికని ఫారంలో రాశాం గానీ సగానికి పైగా తిరుపతిలో మా చెల్లెలి పెళ్లికే పోయింది. మరుసటేడు మా ఆయన కాంట్రాక్టు ఆగిపోయింది. 2009 మార్చిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీని అర శాతానికి దించింది. పెద్ద లోను కంతు దాంతోపాటే దిగింది. రెండో కంపెనీ వడ్డీ మాత్రం దిగలేదు. నేను కేర్ హోంలో రాత్రి డ్యూటీలు చేసినా రెండు కంతులూ లాగలేకపోయాం. కోర్టు కాగితాలు వచ్చాయి. ఇల్లు ఖాళీ చేయించే కోర్టు మనిషి, బెయిలిఫ్, వచ్చేదాకా ఎందుకని మేమే తాళాలు ఇచ్చేశాం.

ఆ తాళాలతోనే అప్పు తీరిపోయిందనుకున్నాం. మన చిత్తూరులో సేటు దగ్గర నగ కుదువ పెట్టి విడిపించుకోలేకపోతే నగ పోతుంది, అంతటితో లెక్క సరి. ఇక్కడ కూడా అట్లానే అనుకున్నాం. ఇక్కడ అట్లా కాదు. ఇల్లు అమ్ముడుపోయేదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. అమ్మిన డబ్బులో వేలం ఖర్చులు, లాయరు ఫీజులు పోతాయి. తర్వాత పెద్ద బ్యాంకు తన మొత్తం తీసుకుంటుంది. ఇంకా ఏమైనా మిగిలితేనే రెండో కంపెనీకి. ఉదాహరణకు ఇల్లు లక్షా అరవై వేలకు పోయి, ఖర్చులూ పెద్ద లోనూ కలిపి లక్షా యాభై ఐదు వేలు అయ్యాయనుకో. రెండో కంపెనీకి దక్కేది ఐదు వేలే. దానికి రావాల్సింది ముప్పై మూడు వేలయితే మిగిలిన 28 వేలూ నీ నెత్తిన పడతాయి. నువ్వు కంగారులో గమనించని సంగతి ఒకటుంది. ఆ బాకీకి ఇప్పుడు వెనక ఇల్లు లేదు. క్రెడిట్ కార్డు బాకీ ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. ఇల్లు పోతుందని భయపెట్టి వసూలు చేసే రోజు దాటిపోయింది. ఇక వాళ్లు నీతో బేరానికి దిగే అవకాశం ఎక్కువ.

ఈ సంగతి మాకు చెప్పేవాళ్లు లేరు. మేం అద్దె ఇంటికి మారి కొత్త అడ్రసు ఎవరికీ ఇవ్వలేదు. ఉత్తరాలన్నీ పాత ఇంటికి పోయాయి. కొన్నాళ్లకు ఒక వసూళ్ల కంపెనీ మా ఆచూకీ పట్టుకుంది. అసలు కంపెనీ ఆ బాకీని వాళ్లకు అమ్మేసిందట. ఎంతకు కొన్నారో మనకు చెప్పరు గానీ ఇట్లాంటి బాకీలు అసలు విలువలో చిన్న వంతుకే చేతులు మారతాయి. ఫోనులో ఆ మనిషి గొంతు వినగానే నా చేతులు వణికాయి. ఆ రాత్రే మా నాయనకు ఫోను చేసి ఏడ్చాను. ఆయన మారుమాట్లాడకుండా రేణిగుంట దారిలో ఉన్న రెండెకరాలు వచ్చిన ధరకు ఇచ్చేశాడు. ఆ డబ్బు పౌండ్లలోకి మార్చి, కంపెనీ అడిగినదాంట్లో ముప్పాతిక వంతు ఒక్కసారే కట్టేశాం. లెక్క కాగితం అడగలేదు. తగ్గించమని కూడా అనలేదు. తర్వాత ఏర్పేడులో ఐఐటీ వచ్చింది. ఆ దారిలో ఇప్పుడు భూమి ధర ఎంతుందో నీకు నేను చెప్పనక్కర్లేదు.

మిగిలిన పావు వంతు దగ్గర నాకు తెలివొచ్చింది. నేషనల్ డెట్‌లైన్‌కు ఫోను చేశాను. పైసా తీసుకోకుండా సలహా ఇస్తారు. స్టెప్‌చేంజ్, సిటిజన్స్ అడ్వైస్ కూడా అంతే. ఫీజు అడిగేవాళ్ల గడప తొక్కొద్దు. డెట్‌లైన్ వాళ్లు చెప్పినట్టే మా ఆదాయం, అద్దె, తిండి, బస్సు ఖర్చులు అన్నీ ఒక కాగితం మీద వేసి, ఇంతకంటే మా దగ్గర లేదని చూపించాను. బాకీ ఖాతా లెక్క మొత్తం పంపమన్నాను. అందులో మాకు అర్థంకాని ఫీజులు బయటపడ్డాయి. వాటిని కొట్టేయించాను. చివరికి ఆ పావు వంతులో మూడో భాగం ఒక్కసారి కట్టేలా, ఇక ఏమీ రావాల్సింది లేదని వాళ్లు రాసిచ్చేలా ఒప్పించాను. కేర్ హోంలో పనిచేసే చంద్రగిరి ఆడమనిషి ఇంగ్లీషులో ఉత్తరాలు రాసి ఆ కంపెనీని ఒప్పించిందని మా ఆయన ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు. మొదటి రోజే ఆ ఫోను చేసుంటే మా నాయన రెండెకరాలు ఈరోజుకీ ఉండేవి.

రూల్సు ఎక్కడైనా దొరుకుతాయి, నువ్వు చదువుకున్నవాడివి, చూసుకో. ముఖ్యమైనవి మాత్రం చెబుతాను. ఇంగ్లండు, వేల్స్‌లో 1980 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇట్లాంటి బాకీలో అసలుకు పన్నెండేళ్లు, వడ్డీకి ఆరేళ్లు గడువు. ఆ లోపల నువ్వు కొంత కట్టినా, బాకీ ఉందని సంతకంతో రాసిచ్చినా గడువు మళ్లీ మొదటికొస్తుంది. స్కాట్లాండులో లెక్క వేరు. కంపెనీ ఇప్పటికే కోర్టులో డబ్బు కట్టాలన్న తీర్పు తెచ్చుకుని ఉంటే అదీ వేరు, కనుక్కో. లోను మీ ఇద్దరి పేర్లమీద ఉంటే మొత్తం బాకీ ఇద్దరిలో ఎవరినైనా అడగొచ్చు. నీ భార్యకు తెలియకుండా దాచొద్దు. ఊపిరాడనట్టుంటే బ్రీదింగ్ స్పేస్ పథకంలో 60 రోజులు వడ్డీ, వసూళ్లు ఆపించుకోవచ్చు. బాకీలన్నీ కలిపి 50 వేల పౌండ్లలోపు ఉండి, పెద్దగా ఆస్తి లేనట్టయితే డెట్ రిలీఫ్ ఆర్డర్ ఉంది, అంటే దివాలాకు పోకుండానే బాకీలు మాఫీ చేసే పద్ధతి. దానికి 2024 ఏప్రిల్ నుంచి ఫీజు కూడా లేదు.

ఇక్కడే మళ్లీ తోట సంగతి వస్తుంది. మీ ఈడు పిల్లలు ఫోనులో రూల్సు చూస్తారు గానీ ఊర్లో ఆస్తి సంగతి అక్కడ రాసి ఉండదు. డెట్ రిలీఫ్ ఆర్డర్‌కు నీ ఆస్తులు 2 వేల పౌండ్లు దాటకూడదు. దివాలాకు పోతే ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తి అయినా లెక్కలోకి వస్తుంది, బంగారుపాళ్యంలో ఉన్నదైనా సరే. తోట మీ నాయన స్వార్జితమై ఆయన పేరునే ఉంటే అది నీది కాదు, నీ అప్పుకు దానితో సంబంధం లేదు. పిత్రార్జితమైతే పుట్టుకతోనే నీకు వాటా ఉంటుంది. అప్పుడు చిత్తూరులో మంచి లాయరుకు కాగితాలు చూపించు. ఏదైనా సరే, పిల్లోడు కష్టంలో ఉన్నాడని ఇప్పుడు నీ పేరున గిఫ్టు రిజిస్ట్రేషన్ చేయించొద్దని ఆయనకు చెప్పు. నీ పేరున ఇప్పటికే ఏమైనా ఉంటే మీ తమ్ముడి పేరుకు మార్చే ఆలోచన కూడా పెట్టుకోకు. దివాలా కేసులో ఐదేళ్ల వెనకటి బదిలీలను కూడా తిరగదోడతారు.

ఇంకో మాట. తోట అమ్మేస్తే నువ్వు మళ్లీ కొనలేవు. ఫెమా, అంటే ఇండియా విదేశీ మారక చట్టం, రూల్సు ప్రకారం మనలాంటి ఎన్నారైలు ఇండియాలో వ్యవసాయ భూమి, తోటలు కొనడానికి లేదు. వారసత్వంగా రావాలి, అంతే. మాకు రేణిగుంట భూమి పోవడంలో ఈ నష్టమే ఇంకా మండుతోంది. ఇప్పుడు మా చేతిలో డబ్బుంది, ఆ భూమిని కొనే హక్కు లేదు.

ఇక్కడ నుంచి ఇండియాకు తిరిగెళ్లిపోతే బాకీ ఇక్కడే వదిలేసినట్టవుతుందా అని అడిగావు. అవదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద ఇక్కడి పైకోర్టు డిక్రీని అక్కడి జిల్లా కోర్టులో అమలు పెట్టుకోవచ్చు. కాబట్టి ఇక్కడే తేల్చుకో.

ఈ వారంలో ఆ కంపెనీకి ఉత్తరం రాయి. ఫోనులో మాట్లాడొద్దు. బాకీని ఒప్పుకుంటున్నట్టు ఒక్క ముక్క రాయకుండా, ఇల్లు ఎంతకు అమ్మారు, ఖర్చులెంత, పెద్ద బ్యాంకుకెంత పోయింది, వడ్డీ ఏ తేదీ నుంచి ఎట్లా వేశారు, అన్నీ కాగితం మీద అడుగు. మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు పోయిందనిపిస్తే ఇల్లు అమ్మిన ఏజెంటు రిపోర్టు కూడా అడుగు. అమ్మేవాళ్లు సరైన ధర కోసం జాగ్రత్త తీసుకోవాల్సిందే. జవాబు వచ్చాక నీ ఆదాయం కాగితం పెట్టి నువ్వు మోయగలిగినంతే చెప్పు. ఆ మొత్తంతో లెక్క పూర్తిగా తీరిందని రాసిన ఉత్తరం చేతికొచ్చే వరకూ డబ్బు పంపొద్దు.

అన్నిటికంటే ముందు మీ నాయనకు ఈ రాత్రే ఫోను చెయ్యి. తోట బేరం ఇంకా నోటి మాటగానే ఉంటే బ్రోకరు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి ఇచ్చేయమను. అగ్రిమెంటు మీద సంతకాలు పడ్డాక వద్దంటే కొనేవాడు కోర్టుకెక్కుతాడు.