పిక్క పట్టేస్తే కొలెస్ట్రాల్ మాత్ర మానేయాలా?

ప్రశ్న: నా వయసు 58. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. అప్పటి నుంచి అటోర్వాస్టాటిన్ 40 మి.గ్రా. వాడుతున్నాను. ఆరు నెలలుగా కొంచెం దూరం నడిస్తే కుడి పిక్క పట్టేస్తోంది, ఆగితే తగ్గుతోంది. ఈ మాత్రతో కండరాల నొప్పులొస్తాయని చదివి మూడు వారాల క్రితం మానేశాను. నొప్పి మాత్రలు వేసుకుంటున్నా తగ్గలేదు. దీనివల్ల మతిమరుపు, షుగర్ కూడా వస్తాయా?

జవాబు: మతిమరుపు సంగతి తర్వాత. మీరు మానేసిన అటోర్వాస్టాటిన్, స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందుల రకానిది. స్టెంట్ ఉన్నవారు స్టాటిన్‌ను సొంతంగా ఆపడం చాలా ప్రమాదం. రిపోర్టులో కొలెస్ట్రాల్ అంకె తగ్గించడం ఒక్కటే దాని పని కాదు. రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టే ముప్పునూ తగ్గిస్తుంది. మానేసినా ఒంట్లో ఏ తేడా తెలియదు, అందుకే చాలామంది ధైర్యంగా మానేస్తారు. గుండెపోటుతో వచ్చాక గానీ ఆ విషయం మాకు చెప్పరు. ఇవాళే మీ కార్డియాలజిస్టుతో మాట్లాడండి.

స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండు వైపులా, తొడల్లో, పిక్కల్లో, భుజాల్లో ఉంటుంది. ఎక్కువగా మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో, నెలల్లో వస్తుంది. మీకు ఒక కాలికే, అదీ నడిస్తేనే. మందు ఆపినా తగ్గలేదు. కాలి రక్తనాళం పూడుకుపోతే నొప్పి ఇలాగే ఉంటుంది. చూడకుండా తేల్చలేను గానీ, నాకున్న అనుమానం అదే. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చే ఏబీఐ పరీక్ష, అవసరమైతే రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి. పూడిక ఉందని తేలితే ఈ మాత్ర అవసరం ఇంకా పెరుగుతుంది. సిగరెట్ అలవాటుంటే వెంటనే మానాలి. పాదం చల్లబడినా, రంగు మారినా, విశ్రాంతిలోనూ నొప్పి ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఒకవేళ మందు వల్లేనని డాక్టర్ అనుమానిస్తే కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీకే రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయిస్తారు. డోసు తగ్గించవచ్చు, మరో స్టాటిన్‌కు మార్చవచ్చు, ఎజెటిమైబ్ అనే మరో రకం కొలెస్ట్రాల్ మందు ఇవ్వవచ్చు. తీవ్రమైన నొప్పులతో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం ఆపి, వెంటనే చూపించుకోవాలి. అది చాలా అరుదు.

నొప్పి మాత్రలు మీరే కొనుక్కోవడం నాకు అస్సలు నచ్చలేదు. డైక్లోఫెనాక్ వంటివి గుండె జబ్బున్నవారికి, కిడ్నీలకు మంచివి కావు.

స్టాటిన్ వల్ల షుగర్ కొద్దిగా పెరగవచ్చు, ముఖ్యంగా ఇప్పటికే బోర్డర్‌లో ఉన్నవారికి. అయినా స్టెంట్ ఉన్నవారికి దీనివల్ల మేలే ఎక్కువ. మతిమరుపు తెస్తుందని పెద్ద అధ్యయనాల్లో రుజువు కాలేదు.

రక్తం పలచబరిచే మాత్రలు కూడా ఆపేశారా? రాయలేదు. ఆపి ఉంటే ఆ మాట డాక్టర్‌కు అన్నింటికన్నా ముందు చెప్పండి.