బోస్టన్ వీధిలోంచి మొదలుపెట్టు

తమ్ముడూ,

అమెరికా అంతర్యుద్ధం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 1820 మిస్సోరి ఒప్పందం, 1854 కాన్సాస్-నెబ్రాస్కా చట్టం, నల్లవాళ్లు పౌరులు కారన్న 1857 డ్రెడ్ స్కాట్ తీర్పు, 1860లో లింకన్ గెలుపు, అన్నీ వరుసగా ఉన్నాయి. తేదీల్లో తప్పు లేదు. కానీ ఎక్కడా ఎవరికీ కోపం వచ్చినట్టు లేదు. ఒక దేశం తనలో తాను కొట్టుకు చావడానికి సిద్ధపడిందంటే జనం ఎంత రగిలిపోయి ఉండాలి!

నన్నడిగితే, పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించాలంటూ 1850లో వచ్చిన చట్టం దగ్గర కాసేపు ఆగు. నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అప్పటిదాకా ఉత్తరాదిలో చాలామందికి బానిసత్వం ఎక్కడో పత్తి చేలల్లో జరిగే వ్యవహారం. ఈ చట్టంతో అది వాళ్ల వీధిలోకి వచ్చింది. పట్టుబడిన మనిషికి జ్యూరీ లేదు. తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీల్లేదు. యజమానికి అప్పగిస్తే, కేసు తేల్చే కమిషనర్‌కు 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5. పట్టుకోవడానికి సాయం రమ్మంటే మామూలు పౌరుడు కూడా వెళ్లాల్సిందే. ఆ ఫీజు లెక్క తప్పకుండా రాయి. దాని పక్కన నీ వ్యాఖ్యానం ఏమీ అక్కర్లేదు.

తర్వాత ఆంథొనీ బర్న్స్ సంగతి చెప్పు. వర్జీనియా నుంచి తప్పించుకుని బోస్టన్ చేరి, ఒక బట్టల కొట్టులో పనిచేసుకుంటున్న కుర్రాడు. సోదరుడికి రాసిన ఉత్తరం యజమాని చేతిలో పడింది. 1854 మే 24న దొంగతనం కేసని అబద్ధం చెప్పి పట్టుకున్నారు. విడిపించాలని నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కోర్టు తలుపు బద్దలుకొట్టారు. ఆ గొడవలో ఒక కాపలాదారు చనిపోయాడు. చివరికి యజమానికే అప్పగించాలని తేల్చి, జూన్ 2న సైనికుల మధ్య ఓడ దగ్గరికి నడిపించారు. దారి పొడవునా వేలాది జనం, మేడలకు నల్లగుడ్డలు, వీధి మీద 'స్వేచ్ఛ' అని రాసి వేలాడదీసిన శవపేటిక. ఈ మధ్యలోనే, మే 30న, కాన్సాస్-నెబ్రాస్కా చట్టం మీద అధ్యక్షుడు పియర్స్ సంతకం పెట్టాడు. దాంతో, 1820 ఒప్పందం గీసిన మిస్సోరి గీతకు ఉత్తరాన బానిసత్వం రాదని 34 ఏళ్లుగా నమ్ముకున్న మాట పోయింది. రెండూ ఒకే వారంలో! నువ్వేమో వేర్వేరు అధ్యాయాల్లో పెట్టావు.

ఇంకొకటి. నీ వ్యాసంలో మాట్లాడేవాళ్లంతా సెనేటర్లే. బర్న్స్‌ని విడిపించాలని చందాలు పోగుచేసి, ఆగకుండా తిరిగి, 1855లో డబ్బు కట్టి తెచ్చుకున్నది బోస్టన్‌లోని నల్లవాళ్ల చర్చి పాస్టర్ లెనార్డ్ గ్రైమ్స్. ఆయన పేరే లేదు.

చివర్లో 'అసలు గొడవ రాష్ట్రాల హక్కుల గురించి' అనే వాదనకు సమానంగా చోటిచ్చావు. ఇక్కడ తటస్థంగా ఉండకు. 1860 డిసెంబరులో అమెరికా నుంచి విడిపోతూ దక్షిణాది రాష్ట్రం సౌత్ కరోలినా ఇచ్చిన ప్రకటన చదువు. ఉత్తరాది రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకుని, పారిపోయిన బానిసలను అప్పగించడం లేదన్నది వాళ్ల ప్రధాన ఫిర్యాదు. అంటే రాష్ట్ర హక్కు వాడుకున్నది ఉత్తరాది, దానిమీద మండిపడింది దక్షిణాది. అలాగే విడిపోయిన మిసిసిపీ రాష్ట్రమైతే తమ వైఖరి బానిసత్వంతో పూర్తిగా ముడిపడి ఉందని దాపరికం లేకుండా రాసుకుంది. అప్పటికి దాదాపు 40 లక్షల మంది బానిసలున్నారు. దక్షిణాది యజమానులకి అది ఆస్తి లెక్క.

లింకన్ ఉపన్యాసాలు సగం తీసెయ్యి. ఆ చోటు బర్న్స్‌కీ గ్రైమ్స్‌కీ ఇవ్వు. తిరగరాసి పంపు, చదువుతాను.

మీ అన్నయ్య